పుష్కరం ఎప్పుడో చెప్పేదెవరు? యాత్రల తేదీల వెనక లెక్కలు

గోదావరి ఒకటే నది. గురుడు ఒకటే గ్రహం. ప్రవేశించాల్సిందీ ఒకటే రాశి, సింహం. అయినా ఎగువన నాసిక్, త్ర్యంబకేశ్వరంలో సింహస్థ కుంభమేళాకు ధ్వజారోహణం 2026 అక్టోబరు 31 అంటున్నారు. దిగువన ఆంధ్రప్రదేశ్‌లో గోదావరి పుష్కరాలకు ప్రకటించిన తేదీలు 2027 జూన్ 26 నుంచి జూలై 7 వరకు. మధ్యలో దాదాపు ఎనిమిది నెలల తేడా ఉంది. ఏది సరైనదని అడిగేవాళ్ళు చాలామంది. రెండూ సరైనవే. ఎలాగో తెలియాలంటే యాత్రకు తేదీ ఎలా పుడుతుందో మొదటి నుంచీ చూడాలి.

అలా చూస్తే ఇది గోదావరి దగ్గరే ఆగే విషయం కాదు. 2027లోనే స్పెయిన్‌లోని శాంటియాగో అనే క్రైస్తవ యాత్రాస్థలానికి 'పవిత్ర సంవత్సరం' వస్తోంది. టిబెట్ పంచాంగంలో 2026 గుర్రం సంవత్సరం, కైలాస ప్రదక్షిణకు ఎంతో విశేషమైనది. జపాన్‌లోని షికోకు దీవిలో 88 బౌద్ధ గుళ్ళ యాత్రను వెనకనుంచి ముందుకు చేసే ఏడాది 2028. హజ్ యాత్ర మండువేసవిని వదిలి వసంతంలోకి జరుగుతున్నదీ ఈ రోజుల్లోనే. వీటికి ఒకదానితో ఒకటి సంబంధం లేదు, కానీ ప్రతిదాని వెనకా ఒక లెక్క ఉంది.

చోటు, దారి, వేళ

యాత్రలన్నిటినీ ఒకే గాటన కట్టడంతోనే సగం గందరగోళం మొదలవుతుంది. కొన్ని యాత్రల్లో చోటు ముఖ్యం. కాశీకి ఎప్పుడు వెళ్ళినా కాశీయే. తిరుమలలో బ్రహ్మోత్సవాలప్పుడు రద్దీ ఎక్కువే కానీ, మామూలు మంగళవారం చేసుకున్న దర్శనాన్ని ఎవరూ తక్కువగా లెక్కించరు.

కొన్నిటిలో దారే యాత్ర. నర్మదా పరిక్రమలో నదిని కుడిచేతి వైపు ఉంచుకుని చుట్టిరావడమే వ్రతం. కైలాసాన్ని ఎక్కరు, చుట్టూ 52 కిలోమీటర్లు నడుస్తారు. షికోకులో దారి సుమారు 1,200 కిలోమీటర్లు, నడిచేవాళ్ళకు నెలా పదిహేను రోజుల దాకా పడుతుంది.

మూడో రకం వేళతో ముడిపడ్డది. పుష్కరాలు, కుంభమేళా, హజ్ ఈ కోవలోవి. ఇక్కడ చోటు సిద్ధంగానే ఉంటుంది, వేళ కోసం ఎదురుచూడాలి. హజ్‌లో ఇది మరీ ఖచ్చితం. జిల్‌హజ్ నెల 9వ తేదీన మక్కా దగ్గరి అరఫాత్ మైదానంలో నిలబడనివాళ్ళకు ఆ ఏడాది హజ్ లేనట్టే. అదే మక్కాకు మిగతా రోజుల్లో వెళ్తే అది ఉమ్రా. పుణ్యమే కానీ హజ్ కాదు.

చిక్కులన్నీ ఈ మూడో రకంతోనే. చోటును మ్యాపులో చూపించవచ్చు. వేళను ఎవరో ఒకరు లెక్కగట్టి చెప్పాలి.

గురుడు రాశికి ఒక ఏడాది

బృహస్పతి సూర్యుడి చుట్టూ ఒకసారి తిరగడానికి సుమారు 4,333 రోజులు, అంటే 11.86 సంవత్సరాలు పడుతుంది. ఆకాశాన్ని పన్నెండు రాశులుగా పంచితే ఒక్కో రాశిలో ఇంచుమించు ఏడాది ఉంటాడు. పుష్కరాల ఏర్పాటంతా దీనిమీదే నిలబడింది. మేషంలో ఉంటే గంగకు, వృషభంలో నర్మదకు, మిథునంలో సరస్వతికి, కర్కాటకంలో యమునకు, సింహంలో గోదావరికి, కన్యలో కృష్ణకు, తులలో కావేరికి పుష్కరం. 2025 మేలో కాళేశ్వరంలో సరస్వతీ పుష్కరాలు, 2026 జూన్‌లో యమునా పుష్కరాలు, 2027లో గోదావరి అనే వరస ఇలా వచ్చిందే. వృశ్చికానికి భీమా అని కొందరు, తామ్రపర్ణి అని కొందరు అంటారు. ప్రాంతాన్నిబట్టి ఇలాంటి తేడాలు ఒకటి రెండున్నాయి.

కుంభమేళా కూడా గురుడి మీదే నడుస్తుంది కానీ అక్కడ సూర్యుడూ కలవాలి. గురుడు వృషభంలో, సూర్యుడు మకరంలో ఉంటే ప్రయాగ. గురుడు కుంభంలో, సూర్యుడు మేషంలో ఉంటే హరిద్వారం. గురుడు సింహంలో ఉన్నప్పుడు సూర్యుడు కూడా సింహంలో ఉంటే నాసిక్, మేషంలో ఉంటే ఉజ్జయిని. అందుకే నాసిక్, ఉజ్జయిని మేళాలు రెండిటినీ సింహస్థం అంటారు, రెండూ కొద్ది నెలల తేడాతో వస్తాయి.

పుష్కరానికి సూర్యుడితో పని లేదు. గురుడు రాశిలో అడుగుపెట్టిన క్షణమే ఆరంభం. అందువల్ల పుష్కరాలు ఒకసారి ఎండాకాలంలో, ఒకసారి వరదల్లో, ఒకసారి చలిలో పడుతుంటాయి. 2020లో తుంగభద్ర పుష్కరాలు నవంబరు 20న మొదలైతే, 2022లో ప్రాణహిత పుష్కరాలు ఏప్రిల్ 13న మొదలయ్యాయి.

ముందుకెళ్ళి వెనక్కొచ్చే గురుడు

ఇప్పుడు 2026–27 చిక్కు విప్పుదాం. మనం ఎక్కిన రైలు పక్క పట్టాల మీద నిదానంగా పోతున్న గూడ్సును దాటుతున్నప్పుడు, ఆ గూడ్సు వెనక్కి జారుతున్నట్టు కనిపిస్తుంది. భూమి కూడా సుమారు పదమూడు నెలలకోసారి బృహస్పతిని అలాగే దాటుతుంది. అప్పుడు నాలుగు నెలలపాటు గురుడు వెనక్కి నడుస్తున్నట్టు కనిపిస్తాడు. దీన్నే వక్రగతి అంటారు. గురుడు ఒక రాశి గడప దగ్గర ఉండగా ఈ వక్రగతి వస్తే లోపలికి వెళ్ళి, బయటికొచ్చి, మళ్ళీ వెళ్తాడు.

2026 అక్టోబరు 31న గురుడు సింహంలోకి వస్తాడు. డిసెంబరులో వక్రించి, 2027 జనవరి చివర్లో కర్కాటకానికి తిరిగి వెళ్తాడు. ఏప్రిల్‌లో మళ్ళీ ముందుకు నడిచి, జూన్ 26న రెండోసారి సింహంలో అడుగుపెడతాడు. మొదటి ప్రవేశాన్ని అతిచారం అంటారు, అంటే తన వంతుకన్నా ముందే వచ్చేయడం. నాసిక్‌లో ధ్వజారోహణానికి ఈ మొదటి ప్రవేశాన్ని తీసుకున్నారు. ముఖ్యమైన స్నానాలు మాత్రం సూర్యుడు కూడా సింహంలోకి వచ్చే 2027 ఆగస్టు, సెప్టెంబరు నెలల్లోనే. పుష్కరాలకు రెండో ప్రవేశాన్ని లెక్కలోకి తీసుకుంటారు.

ఇది ఈసారికి కొత్తగా పెట్టిన నియమం కాదు. 2020లో గురుడు మార్చి 30న మకరంలోకి వచ్చి, జూన్ నెలాఖరున ధనుస్సుకు వెనుదిరిగి, నవంబరు 20న మళ్ళీ మకరానికి వచ్చాడు. తుంగభద్ర పుష్కరాలు చేసింది నవంబరులోనే. 2019లో బ్రహ్మపుత్ర పుష్కరాలు కూడా అంతే, మార్చి ప్రవేశాన్ని వదిలి నవంబరు ప్రవేశానికి జరిగాయి. 2021 సంగతి ఇంకా స్పష్టం. ఏప్రిల్‌లో గురుడు కుంభంలో ఉండగానే సూర్యుడు మేషంలోకి వచ్చాడు కనుక హరిద్వార కుంభమేళా అప్పుడే జరిగింది. ఆ తరవాత గురుడు మకరానికి వెళ్ళి, నవంబరులో కుంభానికి తిరిగి వచ్చాక సింధు పుష్కరాలు జరిగాయి. రాశి ఒకటే అయినా వేడుకలు రెండు, నియమాలు రెండు. నాసిక్, రాజమహేంద్రవరాల మధ్య ఇప్పుడు కనిపిస్తున్న తేడా అలాంటిదే.

దీనికి తోడు పంచాంగాల తేడా ఒకటుంది. దృగ్గణితం ప్రకారం కట్టిన పంచాంగాలు ఆకాశంలో గ్రహం నిజంగా ఎక్కడుందో చూసి సరిచేసుకున్న లెక్కలు వాడతాయి. పూర్వపద్ధతి పంచాంగాలు సూర్యసిద్ధాంతం లాంటి పాత గ్రంథాల సూత్రాలను యథాతథంగా అనుసరిస్తాయి. గురుడి ప్రవేశం ఈ రెండిటిలో కొన్ని రోజుల తేడాతో పడవచ్చు. పూర్వపద్ధతివారి వాదన: ఆచారాన్ని ఇచ్చిన గ్రంథమే దాని వేళనూ చెప్పాలి. దృక్ పద్ధతివారి వాదన: ఆ గ్రంథాలు రాసినవాళ్ళే లెక్కను ఆకాశంతో సరిచూసుకోమన్నారు. ఇది గణితంతో తేలే తగాదా కాదు. దేన్ని ప్రమాణంగా ఒప్పుకుంటామన్నదే అసలు ప్రశ్న.

పుష్కరం అంటే పన్నెండేళ్ళు, ఇంచుమించుగా

తెలుగులో 'పుష్కరకాలం' అంటే పన్నెండేళ్ళు. గురుడి చుట్టు మాత్రం దానికి 50 రోజులు తక్కువ. తేడా ఎటు పోతుంది? గోదావరి తేదీలే చూడండి. 2003లో జూలై 30, 2015లో జూలై 14, 2027లో జూన్ 26. ప్రతిసారీ రెండు వారాలకు పైగా ముందుకు జరుగుతోంది. 50 రోజులు జరగాల్సింది పదహారు, పద్దెనిమిదే ఎందుకు జరిగిందంటే, ఆ నెలల్లో గురుడు భూమి నుంచి చూస్తే తన సగటుకు రెండింతలకు మించిన వేగంతో నడుస్తుంటాడు. 50 రోజుల దూరాన్ని అప్పుడు మూడు వారాల్లోపే దాటేస్తాడు.

ఇలా పోగుపడిన తేడా ఎప్పుడో ఒకప్పుడు ఏడాదికి సమానమవుతుంది. 11.86ను 7తో గుణిస్తే 83. అంటే గురుడు ఏడు చుట్లు తిరిగేసరికి 84 కాదు, 83 ఏళ్ళే అవుతాయి. కాబట్టి ఆరుసార్లు పన్నెండేళ్ళకు, ఒకసారి పదకొండేళ్ళకు రావాలి. హరిద్వారంలో 2010 తరవాత కుంభమేళా 2022లో కాక 2021లో జరిగింది ఇందుకే. కరోనా రోజుల్లో ఏడాది ముందుకు ఎందుకు జరిపారని చాలామంది అడిగారు. జరిపింది మనుషులు కాదు. అంతకుముందు ఇలా పదకొండేళ్ళకే వచ్చింది 1938లో. 1938కి 83 కలిపితే 2021.

మన సంవత్సరాల పేర్లలోనూ ఈ లెక్క దాగి ఉంది. ప్రభవ, విభవ మొదలైన అరవై పేర్లు గురుడి అయిదు చుట్లకు పెట్టినవి. ఉత్తరాదిన గురుడి నడకకు సరిపోవడానికి సుమారు 85 ఏళ్ళకోసారి ఒక పేరును వదిలేసే పద్ధతి ఉంది. దక్షిణాదిన ఆ దాటవేత మానేసి, ఉగాదికో పేరు చొప్పున వరసగా వాడుకుంటున్నాం. అందుకే గోదావరి పుష్కరాలు జరిగే మన ప్లవంగ నామ సంవత్సరానికి ఉత్తరాది పంచాంగంలో వేరే పేరుంటుంది.

మరి 144 ఏళ్ళ మాట? 2015లో గోదావరికి 'మహా పుష్కరాలు' అన్నారు, 2025లో ప్రయాగకు 144 ఏళ్ళకోసారి వచ్చే మహాకుంభం అన్నారు. 2001, 2013 ప్రయాగ మేళాలను మహాకుంభమన్నవాళ్ళు కూడా ఉన్నారు. 144 అంటే పన్నెండు పన్నెండ్లు. గురుడి అసలు వేగంతో పన్నెండు చుట్లకు 142 ఏళ్ళ పైచిలుకే. కనుక 144 ఏళ్ళకోసారి మాత్రమే ఏర్పడే గ్రహస్థితి అంటూ గురుడి లెక్కలో లేదు. పన్నెండును పన్నెండుసార్లు లెక్కించడమే పవిత్రమని, దానికి ఆకాశంలో గుర్తు అక్కర్లేదని సంప్రదాయవాదులు చెప్పేది వేరే మాట. అది విశ్వాసానికి సంబంధించింది. ఏ ఏడాది నుంచి లెక్క మొదలుపెట్టాలన్నది మాత్రం అందరూ ఒప్పుకునేలా ఎప్పుడూ తేలలేదు.

చంద్రుడితో కదిలే హజ్

చాంద్రమాసం సగటున 29.53 రోజులు. పన్నెండు కలిపితే 354 రోజులు, సౌరసంవత్సరానికి సుమారు 11 రోజులు తక్కువ. మనం ఆ లోటును రెండున్నర ఏళ్ళ పైచిలుకుకో అధికమాసంతో పూడ్చుకుంటాం. అందుకే పండరిపురం ఆషాఢ ఏకాదశి ఎప్పుడూ వానల మొదట్లోనే వస్తుంది, అక్కడికి కాలినడకన వెళ్ళే విఠలుడి భక్తులు, వార్కరీలు, తడుస్తూనే నడుస్తారు. ఇస్లాంలో అధికమాసం నిషిద్ధం. నెలలను అటూ ఇటూ జరపడాన్ని ఖురాన్ స్పష్టంగా తప్పుపట్టింది. కాబట్టి హజ్ ఏటా 10, 11 రోజులు ముందుకొస్తూ, సుమారు 33 ఏళ్ళకు ఋతువులన్నీ చుట్టేస్తుంది. 2006లో ఒకే ఏడాది రెండు హజ్‌లు పడ్డాయి, జనవరిలో ఒకటి, డిసెంబరు చివర్లో ఒకటి.

దీని ఫలితం యాత్రికుడి ఒంటిమీద తెలుస్తుంది. 2024 జూన్ హజ్‌లో మక్కాలో వేడి 50 డిగ్రీలు దాటింది, సౌదీ ప్రభుత్వం చెప్పిన లెక్కే 1,301 మరణాలు. వాళ్ళలో ఎక్కువమంది అనుమతి లేకుండా వచ్చి, చల్లని గుడారాలూ బస్సులూ లేక ఎండలో నడిచినవాళ్ళు. 2025 జూన్ మొదటివారం, 2026 మే చివరివారం, 2027 మే మధ్య... ఇలా జరుగుతూ 2030ల్లో హజ్ శీతకాలంలోకి వెళ్తుంది. హైదరాబాదు, విజయవాడల నుంచి బయలుదేరే పెద్దవయసువాళ్ళకు కొన్నేళ్ళ తేడాతో రెండు వేర్వేరు ప్రయాణాలన్నమాట.

ఆదివారం, గుర్రం, వెనక నడక

శాంటియాగో లెక్క గ్రహాలది కాదు, వారాలది. సెయింట్ జేమ్స్ పండుగ జూలై 25. అది ఆదివారం పడిన ఏడాదే పవిత్ర సంవత్సరం. మామూలుగా అప్పుడే అక్కడి పెద్ద చర్చి వెనకవైపున్న పవిత్ర ద్వారం తెరుస్తారు. ఆ తేదీ పడే వారం మామూలు ఏడాదికి ఒక రోజు ముందుకు జరుగుతుంది, లీపు ఏడాదికి రెండు రోజులు. అందువల్ల వరస 6, 5, 6, 11 ఏళ్ళుగా వస్తుంది. 2010 తరవాత 11 ఏళ్ళు ఆగాల్సి వచ్చింది. 2015లో జూలై 25 శనివారం పడితే, 2016 లీపు కనుక ఆదివారాన్ని దాటేసి సోమవారం పడింది. ఆ తరవాతివి 2021, 2027, 2032. అక్కడ యాత్ర చేసినట్టు యోగ్యతాపత్రం కావాలంటే చివరి 100 కిలోమీటర్లయినా నడవాలి, దారిలో ముద్రలు వేయించుకోవాలి. 2024లో దాదాపు 5 లక్షలమంది ఆ పత్రం తీసుకున్నారు. అది పవిత్ర సంవత్సరం కాకపోయినా ఆ సంఖ్య వచ్చింది, కాబట్టి 2027 మీద అందరి కళ్ళూ ఉన్నాయి.

టిబెట్, చైనా పంచాంగాల్లో పన్నెండు జంతువుల చక్రం ఉంది. చైనీయులు బృహస్పతిని 'సంవత్సర తార' అన్నారు, మనలాగే పన్నెండేళ్ళ నడకను గమనించి. 2002, 2014, 2026 గుర్రం సంవత్సరాలు. ఆ ఏడాది కైలాసానికి ఒక ప్రదక్షిణ చేస్తే మామూలు ఏళ్ళలో పన్నెండు చేసినట్టని కొందరు, పదమూడని కొందరు చెబుతారు. సుమారు 5,600 మీటర్ల ఎత్తున ప్రదక్షిణ దారిలో ఉన్న డోల్మా కనుమ మాత్రం ఏ ఏడాదైనా అంతే కష్టం.

షికోకులో ఏ గుడికి ఎప్పుడు వెళ్ళినా ఒకటే. అయినా అక్కడా ఒక వేళ పుట్టుకొచ్చింది. ఎమోన్ సబురో అనే ధనికుడు భిక్షకు వచ్చిన కోబో దాయిషి అనే బౌద్ధ గురువును తరిమేసి, తరవాత పశ్చాత్తాపంతో ఆయన్ను వెతుకుతూ దీవిని ఇరవైసార్లు చుట్టాడట. ఇరవై ఒకటోసారి ఎదురుదిక్కున నడిస్తే ఆయన కనిపించాడట. అందుకే లీపు ఏడాది 88వ గుడి నుంచి 1వ గుడికి నడిస్తే మూడింతల పుణ్యమంటారు. దారిగుర్తులన్నీ ముందుకు నడిచేవాళ్ళకోసం పెట్టినవి కనుక, వెనక నడకలో దారి తప్పడం ఎక్కువ.

తేదీ లేకుంటే కదులుతామా?

ఇంతమంది, ఇన్ని చోట్ల, ఇంత క్లిష్టమైన లెక్కలు ఎందుకు కట్టుకున్నారు? విశ్వాసుల జవాబు సూటిగా ఉంటుంది. పుష్కరాల పన్నెండు రోజులూ సకల తీర్థాధిపతి అయిన పుష్కరుడు ఆ నదిలో ఉంటాడు, పితృదేవతలు అందుబాటులో ఉంటారు. హేతువాదుల ప్రశ్నా అంతే సూటిగా ఉంటుంది. జూన్ 25న నదిలో పారిన నీటికీ 26న పారే నీటికీ తేడా ఏమిటి? నదిని ఏడాది పొడుగునా పాడుచేసి పన్నెండు రోజులు పూజిస్తే సరిపోతుందా? రెండో ప్రశ్న భక్తులు కూడా అడగాల్సిందే.

మనుషుల తీరును చూసేవాళ్ళు మూడో జవాబు చెబుతారు. ఎప్పుడైనా వెళ్ళగలిగిన చోటుకు మనిషి ఎప్పటికీ వెళ్ళడు. తేదీ వాయిదాను ఆపుతుంది. ఎవరూ మార్చలేని ఆకాశం దాన్ని పెడితే అన్నదమ్ముల మధ్య, ఊళ్ళ మధ్య వాదన ఉండదు. 'కాశీకి పోయినవాడు కాటికి పోయినవాడితో సమానం' అనుకున్న రోజుల్లో, అందరూ ఒకేసారి బయలుదేరడమే దొంగల నుంచి, రోగాల నుంచి రక్ష. సంత, పెళ్ళిమాటలు, దూరపు చుట్టాల పలకరింపు అన్నీ అక్కడే జరిగేవి. స్వామికార్యం, స్వకార్యం. కొత్త నేల చూడాలన్న కోరికకు ఇంటివాళ్ళు, కుల పెద్దలు అడ్డుచెప్పలేని కారణం యాత్ర ఒక్కటే అయిన కాలం చాలా పొడవైనది, ముఖ్యంగా ఆడవాళ్ళకు. ఈ మూడో జవాబు నాకు బలంగా తోస్తుంది. కానీ అది మొదటి జవాబును కొట్టేయదు. వేళను నిజంగా పవిత్రమని నమ్మనివాళ్ళు వార్కరీల్లా వానలో 250 కిలోమీటర్లు నడవరు.

మేడారం దీనికి మంచి ఆధారం. అక్కడ గురుడూ లేడు, రాశీ లేదు. రెండేళ్ళకోసారి మాఘ పౌర్ణమి దరిదాపుల్లో, కోయ పూజారులు చెప్పిన రోజుల్లో సమ్మక్క సారలమ్మలు గద్దెలకు వస్తారు. నాలుగు రోజుల్లో అడవిలోకి లక్షలమంది చేరి బంగారమంటూ బెల్లం సమర్పిస్తారు.

వేళ ఇరుకైతే

మనుషుల్ని కదిలించే తేదీయే వాళ్ళను ఒకచోట కుక్కుతుంది. 2015 జూలై 14 ఉదయం, గోదావరి పుష్కరాల మొదటిరోజే రాజమహేంద్రవరం పుష్కర రేవు దగ్గర తొక్కిసలాటలో 27 మంది చనిపోయారు. పన్నెండు రోజులున్నాయి, ఎన్నో రేవులున్నాయి. కానీ మొదటి ముహూర్తం, పేరున్న రేవు అనే రెండిటి దగ్గర అందరూ కలిశారు.

ఒక ఊహా లెక్క వేద్దాం. చదునైన దారిలో ఒక మీటరు వెడల్పు నుంచి నిమిషానికి దాటగలిగేది మహా అయితే 80 మంది. మూడు మీటర్ల గేటు నుంచి నిమిషానికి 240, గంటకు 14,400. ఆ గంటలో 50,000 మంది వస్తే 35,600 మంది గేటు బయటే ఉండిపోతారు. చదరపు మీటరుకు నలుగురు చొప్పున నిలబెట్టాలన్నా 8,900 చదరపు మీటర్లు, అంటే రెండెకరాల పైన జాగా కావాలి. అది లేకపోతే చదరపు మీటరుకు ఆరుగురు, ఏడుగురవుతారు. ఆ స్థితిలో మనిషి తన ఇష్టప్రకారం అడుగు వేయలేడు. గుంపు నీళ్ళలా అలలుగా కదులుతుంది. చనిపోయేవాళ్ళలో చాలామంది కాళ్ళకింద నలిగి కాదు, నిలబడినచోటే ఊపిరాడక పోతారు. వెనకున్నవాళ్ళకు ముందు ఏం జరుగుతోందో తెలియదు, అందుకే తోపు ఆగదు. మెట్లు, వంపులు, ఒకే గేటు నుంచి రాకపోకలు ఈ లెక్కను ఇంకా దిగజారుస్తాయి. లోపలికి వెళ్ళే దారి, బయటికొచ్చే దారి వేరుగా ఉండడం, రేవుకు చాలా ముందే జనాన్ని ఆపి విడతలుగా వదలడం ఇందుకే కావాలి.

'అప్పుడు కుదరకపోతే' అన్న ప్రశ్న

మొదటిరోజు మీద ఇంత ఒత్తిడి శాస్త్రం పెట్టింది కాదు. పుష్కరుడు మొదటి పన్నెండు రోజులు ఆది పుష్కరాలుగా, గురుడు రాశి వదిలే ముందరి చివరి పన్నెండు రోజులు అంత్య పుష్కరాలుగా రోజంతా నదిలో ఉంటాడని, మధ్య రోజుల్లో మధ్యాహ్నం రెండు ముహూర్తాలపాటు ఉంటాడని సంప్రదాయం చెబుతుంది. పన్నెండు రోజుల్లో ఏ రోజుకు ఆ రోజు చేయాల్సిన దానాలు విడిగా ఉన్నాయి. ఇక చోటు సంగతి: గోదావరి పొడవు 1,465 కిలోమీటర్లు. బాసర, ధర్మపురి, కాళేశ్వరం, భద్రాచలం, కొవ్వూరు, అంతర్వేది అన్నీ ఆ ఒడ్డునే ఉన్నాయి. పెద్దవాళ్ళను, పసిపిల్లలను తీసుకెళ్ళేవాళ్ళు మూడో రోజో, ఎనిమిదో రోజో, చిన్న రేవులో స్నానం చేస్తే పుష్కరస్నానం కాకుండా పోదు.

అంత్య పుష్కరాల తేదీ అడిగితే మళ్ళీ మొదటి చిక్కుకే వస్తాం. గురుడు 2027 నవంబరులో కన్యలోకి ఒకసారి వెళ్ళి, 2028 ఫిబ్రవరి చివర్లో సింహానికి తిరిగి వస్తాడు. ఉజ్జయిని సింహస్థం 2028 ఏప్రిల్, మే నెలల్లో పడడానికి కారణం ఆ తిరిగిరావడమే. జూలై చివర్లో సింహాన్ని పూర్తిగా వదులుతాడు. పుష్కరాలకు ఇన్నాళ్ళూ వాడిన రెండో ప్రవేశం నియమమే పాటిస్తే గోదావరి అంత్య పుష్కరాలు ఆ జూలైలో ముగుస్తాయి. ఆ వెంటనే కృష్ణలో ఆది పుష్కరాలు మొదలవుతాయి. 2027 నవంబరు వచ్చేసరికి విజయవాడలో కూడా ఇదే ప్రశ్న వినిపిస్తుంది: ఇప్పుడా, వచ్చే జూలైలోనా?